రెండు, అయిదు, నాలుగు, రెండు, ఆరు: సి భాష పాచికల వెనక లెక్క

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం సి ల్యాబ్‌లో పాచిక ప్రోగ్రామ్ రాయని వాళ్లు తక్కువ. ఏదో ఒక సంఖ్యను ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్‌ను పిలవాలి, వచ్చిన సంఖ్యను 6తో భాగించి శేషం తీసుకోవాలి, దానికి 1 కలపాలి. 1 నుంచి 6 దాకా ఏదో ఒకటి పడుతుంది. లినక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేసి నడిపితే వరుసగా 2, 5, 4, 2, 6 అని వస్తాయి. బాగానే ఉందనుకుని ఇంకోసారి నడిపితే మళ్లీ 2, 5, 4, 2, 6. పక్క సిస్టమ్‌లోనూ అదే. ఇంటికెళ్లి సొంత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్ మీద నడిపినా అదే. వైకుంఠపాళిలో పాచిక రోజూ ఇదే వరుసలో పడితే, ఏ నిచ్చెన ఎక్కుతామో ఏ పాము నోట్లో పడతామో పటం పరిచేటప్పుడే చెప్పేయొచ్చు.

ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు. శేషం తీయకుండా చూస్తే లినక్స్‌లో ర్యాండ్ ఇచ్చే మొదటి సంఖ్య 1804289383, తర్వాతది 846930886. సి రాసేవాళ్లలో చాలామందికి ఈ మొదటి సంఖ్య పాత పరిచయమే, ఎక్కడ కనబడినా గుర్తుపడతారు. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో అయితే 41, 18467, 6334 అని మొదలవుతుంది. మన కాలేజీల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలిన టర్బో సి నీలి తెర మీద మొదటి సంఖ్య 346. కంపైలర్‌తో వచ్చే ఇలాంటి సిద్ధ ఫంక్షన్ల కట్టను లైబ్రరీ అంటారు, ఒక్కో లైబ్రరీకి ఒక్కో వరుస. కానీ ఏ వరుసైనా నడిపిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలవుతుంది, అక్షరం పొల్లుపోదు.

ఎందుకంటే ర్యాండ్ సంఖ్యలను ఎక్కడి నుంచో ఏరుకురాదు, లెక్క వేసి ఇస్తుంది. పాఠ్యపుస్తకాలు వీటిని మిథ్యా యాదృచ్ఛిక సంఖ్యలంటాయి, క్లాసులో అందరూ సూడో ర్యాండమ్ అంటారు. ఏ పేరుతో పిలిచినా ముందు అతికించిన ఆ చిన్న మాటే అసలు విషయం. ర్యాండ్ చేస్తానని చెప్పిన పని ఒకటి, దాని పేరు చూసి మనం ఆశించేది ఇంకొకటి. ఈ ఫంక్షన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆ తేడాలోంచి పుట్టినవే.

సి భాష నియమాలు చెప్పే ప్రామాణిక పత్రంలోనే ఒక నమూనా ఉంది. గుర్తుపెట్టుకున్న సంఖ్యను 1103515245తో గుణించు, 12345 కలుపు, వచ్చినదాన్ని మళ్లీ గుర్తుపెట్టుకో. దాన్ని 65536తో భాగించి, ఆ భాగఫలాన్ని 32768తో భాగిస్తే మిగిలే శేషాన్ని బయటికి ఇవ్వు. రెండు మూడు లైన్ల కోడ్, అంతే. మొదట గుర్తున్న సంఖ్య 1 అయితే బయటికి వచ్చేది 16838, తర్వాత 5758. ఇలా గుణించి, కలిపి, శేషం తీసే పద్ధతికి 1949లో లెహ్మర్ అనే గణితవేత్త దారి వేశాడు. అదే రోజుల్లో వాన్ న్యూమన్ అనే ఇంకో గణితవేత్త వాడిన పద్ధతి ఇంకా సులువు: నాలుగంకెల సంఖ్యను వర్గం చేసి మధ్య నాలుగంకెలు తీసుకోవడం. 1234 వర్గం 01522756, మధ్యలోది 5227, ఇక అక్కడి నుంచి అలాగే. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అయితే పొరపాటున 2100 దగ్గరికి చేరిందా, తర్వాత 4100, 8100, 6100, మళ్లీ 2100. గానుగెద్దులా ఇక అక్కడే తిరుగుతుంది.

పెద్ద సంఖ్యలతో ఈ యంత్రం లోపల ఏం జరుగుతుందో కంటికి కనబడదు. చిన్నది చేసి చూస్తే అంతా తెలిసిపోతుంది. 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించి శేషం ఉంచుకుందాం. 7తో మొదలుపెడితే వచ్చే వరుస ఇది: 7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, ఆ తర్వాత మళ్లీ 7. 0 నుంచి 15 వరకు పదహారు సంఖ్యలూ సరిగ్గా ఒక్కోసారి వచ్చాయి, ఏదీ తప్పిపోలేదు, ఏదీ రెండుసార్లు పడలేదు. గుణకాన్నీ కలిపే సంఖ్యనూ జాగ్రత్తగా ఎంచుకుంటేనే ఇలా పూర్తి చుట్టు తిరుగుతుంది.

ఇప్పుడు అదే వరుసలో సరి, బేసి మాత్రమే చూడండి. బేసి, సరి, బేసి, సరి, చివరి దాకా ఒక్క తప్పు లేకుండా. 4తో భాగించి శేషాలు చూస్తే 3, 2, 1, 0, మళ్లీ 3, 2, 1, 0. మొత్తం సంఖ్యలు చెల్లాచెదురుగా కనబడుతున్నా వాటి కింది బిట్లు, అంటే 0, 1లతో రాసినప్పుడు కుడి చివర ఉండే అంకెలు, కవాతు చేస్తున్నాయి. శేషం తీయడానికి భాగించే సంఖ్య 2, 4, 8, 16 లాంటి 2 ఘాతమైతే ఈ జబ్బు తప్పదు, దాన్ని 16 నుంచి 429 కోట్లకు పెంచినా అంతే. ప్రామాణిక నమూనాలో 65536తో భాగించేది అందుకే. కింది పదహారు బిట్లు నమ్మదగినవి కావు కాబట్టి వాటిని పారేసి పైవాటినే బయటికి పంపుతారు. పాత యూనిక్స్ సిస్టమ్‌లు కొన్నిట్లో ఆ పారేసే పని చేయలేదు. ర్యాండ్‌ను 2తో భాగించి బొమ్మా బొరుసా ఆడినవాళ్లకు అక్కడ బొమ్మ, బొరుసు, బొమ్మ, బొరుసు అని వంతులవారీగా పడేవి. 

గుణకం ఎంపికలో జరిగిన తప్పుల్లో అన్నిటికన్నా పేరుమోసింది 1960లలో ఐబీఎం మెషీన్ల మీద తిరిగిన ర్యాండు అనే రొటీన్, ఇలాంటి సంఖ్యలిచ్చే చిన్న ప్రోగ్రామ్. గుణకం 65539, అంటే 65536కి 3 కలిపినది. గుణకారం త్వరగా అవుతుందని అది ఎంచుకున్నారు. ఫలితంగా ప్రతి సంఖ్యా తన ముందుదానికి ఆరు రెట్లలోంచి అంతకు ముందుదాని తొమ్మిది రెట్లు తీసేసి శేషం తీస్తే వచ్చేదే అయ్యింది. మూడేసి సంఖ్యలను ఒక్కో చుక్కగా గదిలో గుర్తిస్తే చుక్కలన్నీ పదిహేను పలకల మీదే కూర్చుంటాయి, మధ్యలో అంతా ఖాళీ. శాస్త్రవేత్తలు దాంతో చేసిన సిమ్యులేషన్లను, అంటే నిజ పరిస్థితులకు కంప్యూటర్‌లో చేసిన అనుకరణలను, తర్వాత అనుమానంగా చూడాల్సి వచ్చింది.

ఇక సీడ్ సంగతి. గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సంఖ్యే సీడ్, దాన్ని ఇచ్చేది ఎస్‌ర్యాండ్ ఫంక్షన్. మనం ఏమీ ఇవ్వకపోతే 1 ఇచ్చినట్టే లెక్క అని ప్రామాణిక పత్రం చెబుతుంది. రోజూ ఒకే పాచికలు పడడానికి కారణం అదే. ఏ విత్తనం వేస్తే ఆ పంటే.

దీనికి ల్యాబ్‌లో అందరూ చెప్పే మందు ఒకటుంది: ఎస్‌ర్యాండ్‌కు టైమ్ ఫంక్షన్ ఇవ్వండి. అది 1970 జనవరి 1, మన గడియారంలో ఉదయం 5:30 నుంచి గడిచిన సెకన్లను లెక్కపెట్టి ఇస్తుంది. ప్రతి సెకనుకూ కొత్త సీడ్ కాబట్టి నడిపిన ప్రతిసారీ కొత్త వరుస వస్తుంది. ఆటకు ఇది చాలు. ఎక్కడ రాయాలో తెలియకపోతే మాత్రం తిప్పలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ లైన్‌ను పదే పదే తిరిగే లూప్ లోపల, ర్యాండ్‌కు పైన పెడతారు. కంప్యూటర్‌కు సెకను అంటే యుగం. ఆ ఒక్క సెకనులో లూప్ లక్షసార్లు తిరిగితే లక్షసార్లూ అదే సీడ్, అదే మొదటి సంఖ్య. తెర నిండా 4, 4, 4, 4 అని పడి, కాసేపటికి 1, 1, 1, 1 అని మారుతుంది. చూసినవాళ్లు కంపైలర్ పాడైందనుకుంటారు. ఎస్‌ర్యాండ్‌ను ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ మొదట్లో ఒక్కసారి పిలిచి వదిలేయాలి, మధ్యలో మళ్లీ ముట్టుకోకూడదు.

సరిగ్గా ఒక్కసారే పిలిచినా ఇంకో తమాషా ఉంది. మైక్రోసాఫ్ట్ లైబ్రరీ లెక్క ఇది: 214013తో గుణించి 2531011 కలిపి, కింది పదహారు బిట్లు పారేసి, మిగిలినదాంట్లోంచి పదిహేను బిట్లు ఇవ్వడం. సీడ్ 1 ఇస్తే మొదటి సంఖ్య 41 అని చూశాం. సీడ్ 2 ఇస్తే 45. 3 ఇస్తే 48, 4 ఇస్తే 51, 5 ఇస్తే 54. అంటే టైమ్‌తో సీడ్ ఇచ్చిన ప్రోగ్రామ్‌ను సెకనుకోసారి నడుపుతూ పోతే మొదటి సంఖ్య మూడు మూడుగా, అప్పుడప్పుడు నాలుగుగా పెరుగుతూ పోతుంది, గడియారపు ముల్లు కదిలినట్టు. దాదాపు 2 గంటల 47 నిమిషాలకు ఒక చుట్టు. రెండో సంఖ్య నుంచి కాస్త చెదురుతుంది. మొదటి సంఖ్యను వాడకుండా పారేయమని పాతవాళ్లు చెప్పే సలహా వెనక ఉన్నది ఇదే. మూఢనమ్మకంలా వినిపిస్తుంది గానీ లెక్క ఉన్న మాటే.

ఆటలో ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. అదే కోడ్‌తో ఓటీపీ పంపితే మాత్రం నవ్వే పని కాదు. ఒక సర్వర్ ప్రతి అభ్యర్థనకూ ఎస్‌ర్యాండ్‌కు టైమ్ ఇచ్చి, ర్యాండ్‌ను 10 లక్షలతో భాగించి శేషం పంపుతోందనుకుందాం. ఆరంకెల సంఖ్య, పది లక్షల అవకాశాలు, మూడుసార్లు తప్పు కొడితే లాక్. వినడానికి గట్టిగానే ఉంది. కానీ దొంగ ఓటీపీ సంఖ్యను ఊహించనక్కర్లేదు, సెకనును ఊహిస్తే చాలు. వేరేవాళ్ల నంబర్ కొట్టి ఓటీపీ పంపు అని నొక్కింది తనే కాబట్టి సమయం అతనికి తెలుసు. సర్వర్ గడియారంతో ఒకటి రెండు సెకన్ల తేడా ఉన్నా అతని చేతిలో ఉండేది మూడు నాలుగు సంఖ్యలు. పది లక్షలు కాస్తా వేళ్ల మీద లెక్కపెట్టేంత అయ్యాయి. లాక్ పడేలోపు తలుపు తెరుచుకోవచ్చు.

ఇదే కోడ్‌ను విండోస్ మీద నడిపితే గడియారం కూడా అక్కర్లేదు, ఇంకో లోపం బయటపడుతుంది. ర్యాండ్ ఇవ్వగల పెద్ద సంఖ్య ఎంతో ర్యాండ్ మ్యాక్స్ అనే విలువ చెబుతుంది. అది కనీసం 32767 ఉండాలని మాత్రమే ప్రామాణిక పత్రం కోరుతుంది. లినక్స్‌లో అది 2147483647, మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో సరిగ్గా 32767. ఆ సంఖ్యను 10 లక్షలతో భాగిస్తే శేషం అదే సంఖ్య. కాబట్టి ఓటీపీ ఎప్పుడూ 032767 దాటదు, ప్రతి ఓటీపీ సున్నాతోనే మొదలవుతుంది. లినక్స్ మీద రాసి, టెస్ట్ చేసి, తర్వాత విండోస్‌కు మార్చినవాళ్లకు కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు.

సీడ్ చిన్నదైతే ఎంత పెద్ద వ్యవస్థ అయినా కూలుతుందనడానికి రెండు నిజమైన ఉదాహరణలున్నాయి. 1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్ తయారీదారులు తమ ఆట నిజాయితీ నిరూపించుకోవడానికి పేకముక్కలు కలిపే కోడ్‌ను తామే బయటపెట్టారు. కోడ్ పాస్కల్‌లో ఉంది గానీ జబ్బు ఇదే. 52 ముక్కలను అమర్చగల విధానాల సంఖ్య 68 అంకెలది. సీడ్ 32 బిట్లది కాబట్టి ఎంత చేసినా 429 కోట్ల 49 లక్షల వరుసలకు మించి రావు. పైగా ఆ సీడ్ అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లు, అంటే రోజు మొత్తానికి 8 కోట్ల 64 లక్షలు. కోడ్ చదివిన పరిశోధకులు తమ గడియారాన్ని సర్వర్‌తో సరిచూసుకుని దాన్ని దాదాపు 2 లక్షలకు దించారు. తమ చేతిలోని ముక్కలూ, టేబుల్ మీద తెరిచిన ముక్కలూ చూసి మిగతావాళ్ల చేతుల్లో ఏమున్నాయో అప్పటికప్పుడు చెప్పే ప్రోగ్రామ్ రాశారు. ఫోన్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడిన రోజులు చూసిన మనవాళ్లకు ఈ కథ కాస్త దగ్గరగానే తగులుతుంది.

రెండోది అచ్చంగా సి కోడే. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ తన సంఖ్యల కొలనులోకి ఎక్కడెక్కడి చెత్తనో కలుపుకుంటుంది. అందులో ఇంకా విలువ పెట్టని మెమరీ కూడా ఉండేది. దాన్ని చూసి మెమరీ తప్పులు పట్టే పనిముట్లు హెచ్చరికలు ఇచ్చేవి. 2006లో డెబియన్ అనే లినక్స్ ప్యాకేజీలో ఆ హెచ్చరికలు పోవాలని రెండు లైన్లను పనిచేయకుండా కామెంట్ చేశారు. హెచ్చరికలు పోయాయి. వాటితోపాటు కొలనులోకి వచ్చే నీళ్లూ ఆగిపోయాయి. సీడ్‌లో మార్పు తెచ్చేదిగా మిగిలింది నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే ప్రాసెస్ నంబర్ ఒక్కటే, దానికున్న విలువలు 32,768. 2008 మేలో విషయం బయటపడేదాకా డెబియన్, ఉబుంటు మెషీన్ల మీద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో తయారైన రహస్య సంకేతాల తాళంచెవులన్నీ ఆ చిన్న గుత్తిలోనివే. ఒక్కో రకానికీ సైజుకూ మొత్తం గుత్తిని ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూడొచ్చు. తాళంచెవి పొడవు 2048 బిట్లా 4096 బిట్లా అన్నదానికి అర్థమే లేకుండా పోయింది. ఇంతకీ ఆ రెండేళ్లూ అన్నీ మామూలుగానే పనిచేశాయి. ఎక్కడా ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. ఇలాంటి తప్పు తనంతట తాను బయటపడదు.

మరి శేషం తీయడం వల్ల పంపకంలో తేడా వస్తుందంటారు కదా, అది నిజమే, కానీ దాని మీద జరిగే చర్చ అవసరానికి మించింది. తంబోలాకు 90 సంఖ్యలు కావాలి. మైక్రోసాఫ్ట్ ర్యాండ్ ఇవ్వగల సంఖ్యలు 32768, వాటిని 90తో భాగిస్తే 364 సార్లు పోయి 8 మిగులుతుంది. కాబట్టి 1 నుంచి 8 వరకు ఒక్కో సంఖ్యకు 365 అవకాశాలు, మిగతావాటికి 364. ఏ కిట్టీ పార్టీలోనూ ఎవరికీ తెలిసే తేడా కాదు. అదే నాలుగంకెల పిన్ కోసం 10000తో భాగిస్తే 2767 దాకా ఉన్న ప్రతి సంఖ్యకూ నాలుగు అవకాశాలు, ఆపైవాటికి మూడే. మూడో వంతు తేడా, ఇది పట్టించుకోవాల్సిందే. మందు సులువు: 30000 లేదా అంతకన్నా పెద్దది వస్తే పారేసి ఇంకోటి అడగడం. ముక్కలు కలిపేటప్పుడు దొర్లే పొరపాటు ఇంతకన్నా తరచుగా కనబడుతుంది. ప్రతి ముక్కనూ మొత్తం కట్టలో ఏదో ఒకదానితో మార్చేస్తే సమంగా కలిసినట్టు అనిపిస్తుంది. మూడు ముక్కలతో చూస్తే అలా మార్చే దారులు 27, అమరికలు ఆరు. 27ను ఆరుకు సమంగా పంచలేం. మూడు అమరికలు అయిదేసి సార్లు, మూడు నాలుగేసి సార్లు వస్తాయి. ఇంకా కలపని ముక్కల్లోంచి మాత్రమే ఒకటి తీసి మార్చాలి, అప్పుడు దారులూ ఆరే.

ర్యాండ్‌ను తిట్టడానికి ఇంత ఉంది కదా అని దాన్ని తీసి అవతల పారేయాల్సిన పని లేదు. ఒకే సీడ్‌కు ఒకే వరుస రావడం చాలాచోట్ల వరం. ఆట పదివేల ఎత్తుల తర్వాత క్రాష్ అయితే, సీడ్ రాసిపెట్టుకుని ఉంటే ఆ పదివేల ఎత్తులూ తుచ తప్పకుండా మళ్లీ ఆడించి తప్పు పట్టుకోవచ్చు. వానలూ వరదలూ, ట్రాఫిక్, షేర్ ధరల సిమ్యులేషన్లకూ ఇదే కావాలి. అలాంటి పనికి ర్యాండ్ కన్నా మెరుగైనవి ఉన్నాయి. జపాన్ గణితవేత్తలు మత్సుమోటో, నిషిమురాలు 1998లో ప్రచురించిన మెర్సెన్ ట్విస్టర్ మళ్లీ మొదటికి రావాలంటే 2ను 19937 సార్లు గుణిస్తే వచ్చేదానికి ఒకటి తక్కువ సంఖ్యలు ఇవ్వాలి. సిమ్యులేషన్‌కు నిశ్చింతగా వాడొచ్చు. రహస్యానికి మాత్రం అదీ పనికిరాదు. 32 బిట్ల సంఖ్యలను వరుసగా 624 చూసినవాడు 625వది లెక్క కట్టేస్తాడు. చుట్టు ఎంత పొడవైనా లోపలి స్థితి బయటపడ్డాక చేసేదేమీ లేదు. లినక్స్ ర్యాండ్ అయితే ఇంకా పాపం: ప్రతి కొత్త సంఖ్యా మూడు స్థానాల వెనకదీ, 31 స్థానాల వెనకదీ కలిపితే వచ్చేదే, తేడా వస్తే ఒకటి.

ఎదుటివాడు ఊహించకూడని సంఖ్య కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగాలి. అది డిస్కూ, కీబోర్డూ, నెట్‌వర్కూ ఎప్పుడెప్పుడు అంతరాయం కలిగించాయో ఆ సూక్ష్మ సమయాలనూ, ప్రాసెసర్‌లోని ప్రత్యేక సర్క్యూట్ ఇచ్చేవాటినీ కలిపి ఉడికిస్తుంది. లినక్స్‌లో 2014 నుంచి గెట్‌ర్యాండమ్ ఉంది, విండోస్‌లో బీక్రిప్ట్‌జెన్‌ర్యాండమ్. బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ మ్యాక్‌లోనూ ఉండే ఆర్క్4ర్యాండమ్ కుటుంబం 2022లో లినక్స్ సి లైబ్రరీ గ్లిబ్‌సీకి కూడా వచ్చింది. అందులో యూనిఫామ్ అని చివర ఉన్న ఫంక్షన్‌కు 10 లక్షలు అని చెబితే చాలు, శేషం గొడవ కూడా అదే చూసుకుంటుంది. సీడ్ ఇచ్చే పనే లేదు. ఓటీపీకి, పాస్‌వర్డ్ రీసెట్ లింక్‌కు, సెషన్ టోకెన్‌కు రాయాల్సింది ఈ ఒక్క లైనే.

ఆ బీఎస్‌డీల్లో ఒకటైన ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ర్యాండ్ అని పిలిచేవాళ్లలో చాలామందికి కావాల్సింది నిజంగా ఊహకందని సంఖ్యే, రోజూ ఒకే వరుస కావాలని పిలిచేవాళ్లు తక్కువ అని తేల్చుకుని ఆ ఫంక్షన్‌నే మార్చేశారు. అక్కడ ఎస్‌ర్యాండ్‌కు ఏ సీడ్ ఇచ్చినా పట్టించుకోదు, ర్యాండ్ ప్రతిసారీ కొత్త సంఖ్యలే ఇస్తుంది. ఒకే సీడ్‌కు ఒకే వరుస రావాలన్న ప్రామాణిక పత్రం మాటను తెలిసే పక్కన పెట్టారు. పాత పద్ధతే కావాలనుకునేవాళ్లు ఎస్‌ర్యాండ్ డిటర్మినిస్టిక్ అని పూర్తి పేరుతో అడిగి తీసుకోవాలి. ల్యాబ్‌లో రాసిన ఆ పాచిక ప్రోగ్రామ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా అక్కడ నడిపితే 2, 5, 4, 2, 6 రావు.